మరిది చూపించిన చోటు

ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరుగా ఆమెకు మంచి పేరే ఉంది. దుప్పటి మీద చిన్న మరక కనబడినా మళ్ళీ ఉడకేయిస్తుంది తప్ప వదిలిపెట్టదు. అలాంటి మనిషి మరిదికి ఉద్యోగం అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి మేనేజరు గది ముందు నిలబడింది. మరిది సైకిళ్ళ దొంగతనం కేసులో జైలుకెళ్ళి వచ్చినవాడు. "నా తమ్ముడు మారాడే. మనం కాకపోతే వాణ్ణెవరు చేరదీస్తారు?" అని మొగుడు ప్రాణం తీస్తే ఇక తప్పలేదు.

మరిది మేనేజరు దగ్గర ఏదీ దాచలేదు. తన సంగతంతా తన నోటితోనే చెప్పుకున్నాడు. మేనేజరు కాసేపు ఆలోచించి, "ఇది మన ముగ్గురి మధ్యే ఉంటుంది. ఇక పనిమీద ధ్యాస పెట్టు" అన్నాడు. మరిది కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె కూడా సరేనని తలాడించింది.

తలాడించిన మనిషి ఆ మధ్యాహ్నమే ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళని పోగేసింది. "మావాడే అనుకోండి. అయినా సంచులూ పర్సులూ కాస్త దగ్గర పెట్టుకోండి. సైకిళ్ళెత్తుకుపోయి లోపలికెళ్ళొచ్చాడు" అని గొంతు తగ్గించి చెప్పేసింది. రేపు ఏదైనా పోతే మాట తనమీదికి రాకూడదని ఆమె భయం.

మరిది పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. తడి బట్టల బండి ఒక్కడే తోసేవాడు. వేడి దుప్పట్లు అంచుకి అంచు కలిపి మడిచేవాడు. అతను ఇస్త్రీ గదిలోకి రాగానే ఆడవాళ్ళ చేతులు సంచుల మీదికి పోయేవి. అతను గోడవైపు చూసుకుంటూ బండి ఖాళీ చేసి వెళ్ళిపోయేవాడు.

కొన్నాళ్ళకి, పనివాళ్ళ సైకిళ్ళు దారికి అడ్డంగా ఉన్నాయని, వేరే చోటు చూడమని మేనేజరు ఆమెకి చెప్పాడు. ఆమె బాయిలరు గది వెనక ఖాళీ జాగా చూసింది. మూడువైపులా గోడ, ఎవరి కంటా పడదు. అది తెలిసి మరిది పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, అక్కడ మాత్రం వద్దు. దొంగకి తాళమంటే భయం ఉండదు, మనుషుల కళ్ళంటే భయం. మనం అన్నాలు తినే వరండా ముందు పెట్టించు. ఇరుకైతే అయింది."

ఆమెకి చురుక్కుమంది. వరండాని ఆనుకునే అతను పనిచేసే గది. 'అన్నీ తనకి అందేచోట పెట్టించుకుందామనా?' అనుకుంది.

"ఆ విద్యలు నా దగ్గర చెప్పకు" అని విసురుగా అనేసి, సైకిళ్ళన్నీ బాయిలరు వెనకే పెట్టించింది.

వారం తిరక్కుండా పెద్దక్క సైకిలు పోయింది. ఇస్త్రీవాళ్ళలో అందరికంటే ముందు చేరినావిడని అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. మోకాళ్ళరిగిపోయి నాలుగడుగులు వెయ్యలేదు గానీ సైకిలు మీద ఊరంతా తిరుగుతుంది. ఎడమకాలు అందదని పెడలు మీద ఒక చెక్కముక్క కొట్టించుకుంది. ఆవిడ ఖాళీ గోడ ముందు కూలబడి, "ఇక నేను ఇంటికెట్లా పోను?" అని ఏడుస్తుంటే అందరి చూపులూ మరిదివైపు తిరిగాయి. పేరెవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనే లేకపోయింది.

మేనేజరు ఆమె ముందే అతన్ని పిలిపించి నిలదీశాడు. "పొద్దుటినుంచీ పనిలోనే ఉన్నాను సార్" అన్నాడతను. అది నిజమని ఆమెకి తెలుసు. పొద్దంతా ఇద్దరూ కలిసి ఆపరేషన్ గది బట్టలు లెక్కపెట్టారు. 'నా కళ్ళముందే ఉన్నాడు' అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చింది. మరిదిని వెనకేసుకొస్తోందంటారేమోనని మింగేసింది.

సాయంత్రం మరిదే ఆమె దగ్గరికి వచ్చాడు.

"వదినా, అలాంటి సైకిలు వంతెన కింద పాత సామాన్ల కొట్లకే పోతుంది. నేను వెళ్ళి తెస్తే నేనే తీశానంటారు. నువ్వెళ్ళు. ఒక కానిస్టేబుల్ని వెంటబెట్టుకో. రంగు చూడకు, మార్చేస్తారు. ఎడమ పెడలు చూడు. చెక్క పీకేసినా మేకుల బెజ్జాలు ఎక్కడికీ పోవు."

మర్నాడు వెళ్ళింది గానీ, దారంతా ఆమె బుర్రలో పురుగు తొలుస్తూనే ఉంది. ఇంత కచ్చితంగా ఇతనికెలా తెలుసు? తనే అమ్మేసి, ఇప్పుడు భయమేసి చెబుతున్నాడా? మూడో కొట్లో నీలం రంగు ఇంకా ఆరని సైకిలు కనబడింది. ఎడమ పెడలు రబ్బరు మీద నాలుగు బెజ్జాలు. కానిస్టేబులు గద్దించేసరికి కొట్టువాడు నోరు విప్పాడు. "ఆసుపత్రి బాయిలరు వెనక పాత ఇనుము ఏరుకునేవాడు తెచ్చాడు సార్. సొంతదేనని ఒట్టేశాడు!"

దారంతా మరిదిని అనుమానించిన ఆమె తలెత్తి కానిస్టేబుల్ని చూడలేకపోయింది.

సైకిలు తోసుకుంటూ ఇస్త్రీ గదిలోకి వచ్చేసరికి పెద్దక్క ఆమె చేతులు రెండూ పట్టుకుని, "నీ కడుపు చల్లగుండ, ఎలా పట్టుకున్నావు తల్లీ?" అంది. "మీ బుర్రే బుర్ర" అన్నాడు మేనేజరు. ఆమె నవ్వింది. ఆ పొగడ్త ఒక్క క్షణం తియ్యగానే ఉంది. అంతలో బట్టల బండితో గుమ్మంలో ఆగిపోయిన మరిది కనబడ్డాడు.

"నా గొప్పేం లేదు" అంది గబగబా. "ఎక్కడ వెతకాలో మా మరిదే చెప్పాడు. బాయిలరు వెనక పెట్టొద్దని కూడా ముందే మొత్తుకున్నాడు. నేనే వినలేదు. నిన్నంతా అతను నా పక్కనే ఉన్నాడు. ఆ మాటా చెప్పలేదు."

పెద్దక్క తెల్లబోయి చూసింది. "అదేంటమ్మా? సంచులు దగ్గర పెట్టుకోమని, జైలుకెళ్ళొచ్చాడని, చేరిన రోజే మాకు చెప్పింది నువ్వే కదా?"

పాపం, ఆవిడ దెప్పిపొడవాలని అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. మరిది బండి అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

ఆమె వెంటపడి వరండాలో అందుకుంది.

"నువ్వా వదినా, చెప్పింది?" అన్నాడతను. గొంతులో కోపం లేదు. "నేను గదిలోకి రాగానే అందరూ సంచులు సర్దుకుంటుంటే, నా మొహంలోనే ఏదో కనబడుతోందేమో అనుకున్నాను. రోజూ అద్దంలో చూసుకునేవాణ్ణి."

"తప్పయిపోయింది" అంది ఆమె.

"సైకిళ్ళు ఇటు మార్పించు. తీసినవాడు మళ్ళీ వస్తాడు" అని చెప్పి, అతను చేతులు తుడుచుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ పూటే ఆమె ఒక్కో సైకిలూ తన చేతులతో తోసుకొచ్చి వరండా ముందు నిలబెట్టింది. పెద్దక్క మరిదిని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. అతను తిన్నాడు. ఆమె పని చెబితే చేస్తున్నాడు, 'వదినా' అనే పిలుస్తున్నాడు. ఇదివరకు రాత్రిపూట భోజనానికి ఇంటికి వచ్చేవాడు, అది మాత్రం మానేశాడు.

"తమ్ముడు ఈమధ్య భోజనానికి రావట్లేదేం?" అని ఒకరోజు అన్నం తింటూ మొగుడు అడిగాడు. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి, అతని ఎదురుగా కూర్చుని మొదటినుంచీ చెప్పింది. ఏదీ దాచలేదు. అతను సగం అన్నం వదిలేసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.