కడుపునొప్పి చావులు

అనకాపల్లి చుట్టుపక్కల కుర్రకారుకి ఓ వింత జబ్బుంది. దాని పేరు కడుపునొప్పి. నిన్న సాయంత్రం దాకా క్రికెట్ ఆడి, మారు వడ్డించుకుని తిన్నవాడు తెల్లారేసరికి కడుపునొప్పి తాళలేక పోయాడంటారు. ఇంట్లోవాళ్ళు అదే చెబుతారు, పేపర్లో అదే వస్తుంది. ఆత్మహత్య అంటే పోలీసులు గుమ్మం తొక్కుతారు, మిగిలిన పిల్లలకి సంబంధాలు రావు, ఊరి నోటికి మూకుడు పెట్టలేం. కడుపునొప్పి అంటే అందరూ అయ్యో పాపం అని ఊరుకుంటారు. ఇంత మర్యాదస్తురాలైన అబద్ధం జిల్లాలో ఇంకోటి లేదు.

జాయ్స్ అనే అమ్మాయి తమ్ముడు బెన్‌హర్ కూడా కడుపునొప్పితోనే పోయాడు. రాళ్ళు తిని అరిగించుకునే వయసు వాడిది. ఇంటర్ చదివే హాస్టల్లో వారం వారం పరీక్ష పెట్టేవారు. మార్కులు తగ్గినవాళ్ళు మెస్సులో గోడవైపు తిరిగి కూర్చుని అన్నం తినాలి. అది వైస్ ప్రిన్సిపాల్ త్రినాథ్ పెట్టిన పద్ధతి. బెన్‌హర్ ఆ యేడాది గోడ మొహం చూసినంతగా స్నేహితుల మొహాలు చూడలేదు.

ఆ పెద్దమనిషే శవం ఇంటికి చేరకముందే వచ్చి కూర్చున్నాడు. జాయ్స్ తండ్రి ఏసురాజు కరెంటాఫీసులో లైన్‌మన్, ఒకరికి ఎదురు చెప్పి ఎరగడు. కడుపునొప్పని చెప్పెయ్యండి, సమాధుల తోటలో చోటివ్వడానికి మీ పాస్టరుగారు కూడా వెనకాడరు అని త్రినాథ్ చెవిలో చెబితే, ఏసురాజు తలూపాడు. ఆత్మహత్యంటే ఆ తోటలో చోటివ్వరేమో, కొడుకుని ఎక్కడ పెట్టాలా అన్న బెంగలో ఉన్న తండ్రి ఇంకేం చేస్తాడు? ఇంటికొచ్చిన మనిషి కదా అని త్రినాథ్‌కి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది జాయ్సే. ఆ గ్లాసు తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది.

అందుకే డిగ్రీ ఆఖరి యేడు పరిశోధనకి ఆత్మహత్యల నివారణ అన్న విషయం ఎంచుకుంది. సమాజసేవ అనుకుని లెక్చరర్లు మెచ్చుకున్నారు. సమాజమూ లేదు, సేవా లేదు, ఆ పిల్ల కత్తులు నూరుకుంటోంది. త్రినాథ్‌తో నిజం కక్కించి, ఫోన్లో రికార్డు చేసి, ఆత్మహత్యల నివారణ దినానికి సెప్టెంబర్లో జరిగే సభలో మైకు పెట్టి ఊరంతటికీ వినిపించాలి. అదీ ఆమె పరిశోధన.

పరిశోధనకి దారి చూపించడానికి ఒప్పుకున్న సైకాలజీ లెక్చరర్ కనకమహాలక్ష్మి మేడం ఆ సంగతి కనిపెట్టకపోలేదు. ఒక్క కారణంతో ఎవరూ పోరని, మన పని ఎవరి పేరూ బజారుకీడ్చడం కాదని మొదటిరోజే హెచ్చరించింది. తర్వాత చావు తలపెట్టినవాళ్ళలో కనబడే గుర్తులు వివరించి, అసలు పాఠం చెప్పింది.

"ఎవరిమీదైనా అనుమానం వత్తే డొంకతిరుగుడు మాటలొద్దమ్మా. సచ్చిపోవాలనిపిత్తందా అని సూటిగా అడుగు. అడిగితే ఆ ఆలోసన కొత్తగా పుట్టదు. అడిగేవాళ్ళు లేకే మనుషులు పోతన్నారు."

జాయ్స్ తలూపింది. తలూపడం వాళ్ళింట్లో అందరికీ వచ్చిన విద్యే.

సబ్బవరం వెళ్ళింది, ఎస్. రాయవరం వెళ్ళింది. పిల్లలు పోయిన ఏ గడపలో అడిగినా కడుపునొప్పే. ఎస్. రాయవరంలో చిన్నమ్మలు అనే ఆవిడ కూతురి ఫోటో తుడుస్తూ అదే చెప్పి, పైటకొంగు నోట్లో కుక్కుకుంది. మీ అబద్ధాలు తగలెయ్య అని జాయ్స్ కసిరేదే, తన ఇల్లు గుర్తొచ్చి ఊరుకుంది.

చివరికి ఒక మధ్యాహ్నం గవరపాలెంలో త్రినాథ్ ఇంటి తలుపు కొట్టింది. గోడ సంగతి బయటికి పొక్కగానే కాలేజీ వాళ్ళు తప్పంతా అతని నెత్తిన రుద్ది, ఉద్యోగం ఊడగొట్టారు. భార్య మాకవరపాలెంలో అన్నగారింటికి వెళ్ళిపోయింది. ఆ కబురు విన్నరోజు జాయ్స్ కడుపారా అన్నం తింది.

అతను ఆమెని గుర్తుపట్టాడు. ఫోన్ బల్లమీద పెట్టి రికార్డు చేస్తానంటే సరేనన్నాడు. అడక్కుండానే అంతా చెప్పాడు, గోడ సంగతి, కడుపునొప్పి సంగతి, ఒక్కటీ దాచలేదు. జాయ్స్‌కి ఆనందం పట్టలేదు. పగ ఇంత సులువుగా ఒళ్ళో వచ్చి పడుతుందని ఎవరనుకుంటారు?

లేవబోతుంటే అప్పుడు చూసింది. ఇల్లు కడిగినట్టుంది. పుస్తకాలన్నీ కట్టలు కట్టి గుమ్మం దగ్గర ఉన్నాయి, ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. పెరట్లో మొక్కల కుండీలు పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడట. టీ ఇద్దామంటే పాలు లేవని నొచ్చుకున్నాడు.

"పాలాయన్ని ఇంక రావొద్దని సెప్పేసేను," అన్నాడు మామూలుగా.

మేడం చెప్పిన గుర్తులన్నీ వరసగా కనిపించాయి. జాయ్స్‌కి అడగాల్సిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆ వెంటనే లోపల ఇంకో గొంతు లేచింది, పోనీ అంది. నీకేం పని, చెప్పులేసుకుని వెళ్ళిపో, చేసినవాడికి చేసినంత అంది. నిజం చెప్పాలంటే ఆ గొంతే గట్టిగా వినిపించింది. గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టింది.

రేపు ఇక్కడికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి కూర్చుంటాడు. మాకవరపాలెం వాళ్ళ చెవిలో ఒక మాట చెబుతాడు. వాళ్ళు తలూపుతారు. బెన్‌హర్‌ని గోడవైపు కూర్చోబెట్టినవాడు కూడా మర్యాదగా కడుపునొప్పితో పోతాడు. ఆ ఊహకి జాయ్స్ ఒళ్ళు భగ్గుమంది.

చెప్పులు విడిచి, వెనక్కొచ్చి ఎదురుగా కూర్చుంది. ఫోన్లో రికార్డింగ్ ఆపేసింది.

"సార్, సచ్చిపోదామనుకుంటన్నారా?"

త్రినాథ్ గుమ్మం దగ్గరి పుస్తకాల కట్టల వైపు చూశాడు. తర్వాత అవునన్నాడు. ఆ మాట అన్నాక పిల్లాడిలా ఏడ్చాడు.

"ఆ కడుపునొప్పి మీకు రానివ్వను," అంది జాయ్స్. "మీరు బతకాలి సార్. బతికి మా నాన్న ముందు నిలబడాలి."

అది దయ కాదు. దయ అని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. అయినా మేడంకి ఫోన్ చేసింది, మాకవరపాలెంకి చేసింది. మేడం డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చేదాకా, భార్యా బావమరిదీ ఆటో దిగేదాకా అతన్ని ఒంటరిగా వదల్లేదు. మాటల మధ్య పెరటి గోడమీంచి పక్కింటివాళ్ళని పాలు అడిగి టీ పెట్టి తాగించింది. తిట్టాలనిపించినప్పుడు పళ్ళు బిగించుకుంది.

నెలలు గడిచాయి. సెప్టెంబర్ సభకి వస్తానని త్రినాథే కబురుచేశాడు. డాక్టరు సరేనన్న తర్వాతే మేడం ఒప్పుకుంది. ముందు వరసలో ఏసురాజు, జాయ్స్ తల్లి రూతమ్మ, వాళ్ళ పక్కన పాస్టరుగారు కూర్చున్నారు. జాయ్స్ తన చేత్తోనే త్రినాథ్‌కి కుర్చీ వేసింది, జనం మొహాలు కనబడేలా.

త్రినాథ్ మైకు ముందుకొచ్చాడు. మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు జాయ్స్ చేతిలోనే ఉంది.

"ముందు సెప్పండి సార్."

మేడం కళ్ళెర్రజేసింది. జాయ్స్ కదల్లేదు.

"బెన్‌హర్‌కి కడుపునొప్పి లేదు," అన్నాడు త్రినాథ్. "అలా సెప్పమన్నది నేను. గోడవైపు కూర్సోబెట్టిందీ నేనే."

ఏసురాజు కుర్చీ పట్టుకుని లేచి, పాస్టరుగారి వైపు తిరిగాడు.

"మావోడికి కడుపునొప్పి లేదండి. సోటివ్వరేమోనని అబద్ధమాడేను."

పాస్టరుగారు లేచి అతని భుజం చుట్టూ చెయ్యి వేశారు. ఇంతలో వెనక వరసల్లోంచి ఎస్. రాయవరం చిన్నమ్మలు లేచింది. "మా పిల్లకీ లేదు," అంది.

అప్పుడు జాయ్స్ గ్లాసు అతని చేతికిచ్చింది.