తారాజువ్వ

ఆ ఇంటర్వ్యూ చూశాక మైకాయనకు ముద్ద దిగలేదు. ఏళ్ల తరబడి హాకీ స్టేడియంలో మైకు పట్టిన మనిషి, ఎందరి పొగరో చూశాడు. ఊరి జట్టుకి గోల్స్ కొట్టే తారాజువ్వది మాత్రం పొగరు కాదు, కుళ్లుబుద్ధి. ఓడిన మ్యాచ్ అవగానే కాలు మీద కాలేసుకుని, గమ్ నములుతూ, కెమెరా ముందు ఏమన్నాడనుకున్నారు?

"నేను గోల్స్ కొడుతూనే ఉన్నా. వెనక గోల్‌పోస్టులో దిష్టిబొమ్మని నిలబెడితే నేనేం చేసేది? ఇక ఆ అరిచే జనమా, పనీపాటా లేక వస్తారు. నేను లేకపోతే ఆ కుర్చీల్లో దుమ్మే కూర్చుంటుంది."

ఆ దిష్టిబొమ్మ మైకాయన మేనల్లుడు. చెల్లెలికి ఒక్కగానొక్క కొడుకు. మోకాలికి కట్టు కట్టుకుని మరీ గోల్ కాసిన కుర్రాడు. "అన్నాడులే అమ్మా, పోనీ," అని వాడు సర్దుకున్నాడు కానీ తల్లి సర్దుకోలేదు. తరవాతి మ్యాచ్ రోజు పొద్దున్నే వచ్చి అన్నగారి గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, ఇవాళ వాడు గోల్ కొడితే నంబరు చదివి ఊరుకో. ఆ రాగం తియ్యకు. నా కోసం."

"ఛీ, వాడికి రాగం కూడానా. ఆ పేరు నా నోట వస్తే ఒట్టు."

ఆ రాగం ఊరంతటికీ తెలుసు. గోల్ పడగానే మైకాయన "తారా..." అని ఊపిరి ఉన్నంతసేపూ సాగదీస్తాడు. జనం "జువ్వ" అని అందుకుంటారు. అలా మూడుసార్లు. అసలు వాడికి ఆ పేరు పెట్టిందే ఈయన.

సాయంత్రం గేటు దగ్గర జనం మండిపడుతున్నారు. వాడి నంబరున్న చొక్కాలు తిరగేసి తొడుక్కొచ్చారు. "దుమ్ము వచ్చిందయ్యా, దారివ్వండి," అని ఒకడంటే, "దుమ్ముకి ఏ వరుస?" అన్నాడు టిక్కెట్లు చింపే అతను. మైకాయన కడుపు చల్లబడింది. పక్కన కుర్చీ వేసి చెల్లెల్ని మైకు గదిలోనే కూర్చోబెట్టుకున్నాడు.

తారాజువ్వ బంతి అందుకున్నప్పుడల్లా జనం ఈలలేసి ఎగతాళి చేశారు. మేనల్లుడు మాత్రం బంతికి గుండె అడ్డం పెట్టాడు, ముఖం అడ్డం పెట్టాడు, కుంటుకుంటూ లేచాడు. ఒక్క గోల్ పోనివ్వలేదు. ఇటు సొంత జట్టూ ఒక్కటీ కొట్టలేదు.

ఆట ముగియబోతుండగా బంతి తారాజువ్వ కర్రకు చిక్కింది. ఇద్దర్ని తప్పించాడు, ఒళ్లు వంచి కొట్టాడు. బంతి వెళ్లి గోల్‌పోస్టు వెనక చెక్కపలకకి తగిలిన చప్పుడు గదిలోకి వినిపించింది.

"తారా..."

ఎవరన్నారా అని మైకాయన బిత్తరపోయాడు. తన గొంతే. ఎప్పటికన్నా పొడుగ్గా, ఎప్పటికన్నా కమ్మగా సాగింది. తిరగేసిన చొక్కాలన్నీ లేచి నిలబడి "జువ్వ" అని గొంతులు చించుకున్నాయి. థూ, ఏం మనుషులం అనిపించింది ఆయనకు.

కింద మేనల్లుడు హెల్మెట్ తీసేసి, కుంటుకుంటూ మైదానం ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తుకొచ్చి తారాజువ్వని కావలించుకోబోయాడు. వాడు మోచేత్తో పక్కకు నెట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని జనం వైపు తిరిగాడు. ఇంకా పిలవండి అని.

మైకాయన మైకు కట్టేశాడు. ఆయన కోసం ఎవరూ ఆగలేదు. "తారా" కూడా జనమే అన్నారు, "జువ్వ" కూడా జనమే అన్నారు. మళ్లీ అన్నారు. కుర్రాడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

చెల్లెలు లేచి కొంగు సర్దుకుంది. మైకాయన తలెత్తలేదు.

"మూడుసార్లు పిలిచేవాడివి, ఒక్కసారితో ఆపావు," అంది. "అదే పదివేలులే, అన్నయ్యా."

తలుపు మెల్లగా దగ్గరికి వేసి, కొడుకు దగ్గరికి మెట్లు దిగింది.