బేబీ మోకాలు బాగైంది

నా పేరు బేబీ. ఆరడుగుల మనిషికి ఆ పేరేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. శ్రీకాకుళంలో మా మిషన్ కాంపౌండులో పుట్టాను. అక్కడి సిమెంటు కోర్టులోనే బాస్కెట్‌బాల్ నేర్చుకున్నాను. ఆ ఆటతోనే నేనూ మా అమ్మా అన్నం తింటున్నాం. అలాంటి నన్ను, కుంటిదాన్నని సంతకం పెట్టి ఇమ్మని ఒక పెద్దమనిషి కారేసుకుని మా ఇంటికొచ్చాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పోయినేడు విజయనగరంలో మ్యాచ్ ఆడుతూ బంతి కోసం ఎగిరాను. దిగేటప్పుడు కుడికాలు మెలికపడి మోకాల్లో లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, నడకకి ఇబ్బంది లేదు గానీ వచ్చే సీజన్ మొత్తం ఆట మాట మర్చిపొమ్మన్నాడు. గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. ఆట లేకపోతే నేనెవరో నాకే తెలియదు.

మా జట్టు పేరు వంశధార. యజమాని గణపతిరావు గారికి టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలున్నాయి. చెడ్డవాడని అనను, ఆసుపత్రి ఖర్చంతా ఆయనే పెట్టుకున్నాడు. కానీ ఆయనకు ఓడిపోవడం చేతకాదు. మా ఉత్తరాంధ్ర మహిళల లీగ్‌లో ఒక నియమముంది. ఏ జట్టయినా ఆడేవాళ్ల జీతాలన్నీ కలిపి ఒక గీత దాటకూడదు. డబ్బున్న ఆసామి బాగా ఆడేవాళ్లందర్నీ తన ఇంట్లోనే కట్టేసుకోకుండా పెట్టిన గీత అది. దెబ్బ తగిలి సీజన్ మొత్తం ఆడలేని మనిషి జీతం మాత్రం ఆ లెక్కలోకి రాదు. గణపతిరావు గారు నన్ను ఆ ఖాతాలో వేసి, నేను కూర్చున్నందుకు సగం జీతమిస్తూ, ఖాళీ అయిన చోట్లోకి శ్రీముఖలింగం నుంచి కుమారి అనే పిల్లను తెచ్చుకున్నాడు. వరి పండించుకునే ఇంటి పిల్ల. పరిగెత్తిందంటే పట్టుకోవడం ఎవరితరమూ కాదు. వంశధార వరసగా గెలుస్తూ పోయింది.

నేను మాత్రం ఊరుకున్నానా? ఇసక మూట కాలికి కట్టుకుని ఎత్తాను. చర్చి మెట్లు ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. నొప్పెడితే బూతులు తిట్టుకున్నాను, దేవుడు వింటాడని మళ్లీ లెంపలేసుకున్నాను. సీజన్ సగమైందో లేదో అదే డాక్టరు నా మోకాలు అటూఇటూ వంచి చూసి, "నువ్వు మొండిదానివమ్మా. ఆడుకో, పో" అన్నాడు.

ఎగురుకుంటూ గణపతిరావు గారి ఆఫీసుకి వెళ్లాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవులికైనా సెప్పినావేటి?"

"నేదు సార్. ముందు మీకే సెప్తన్నాను."

"మంచి పని సేసినావు. మరింకెవులికీ సెప్పకు. ఈ ఏడు అలగే కూకో."

నాకు అర్థం కాలేదు. "కూకోడమేటి సార్? డాక్టరు ఆడమన్నాడు."

"నువ్వు ఆడతానంటే నీ జీతం లెక్కలోకొస్తాది. మనం గీత దాటిపోతాం. అప్పుడు కుమారిని పంపీవాలి. ఆ గుంట ఎలగాడతందో సూస్తన్నావు కదా? ఊరికే కూకోబెట్టి డబ్బులిస్తన్నాను, ఇంకేటి గావాల నీకు?"

"ఆట గావాల సార్."

"వచ్చే ఏడు సూద్దాంలే" అని నవ్వాడు.

వచ్చే ఏడు! ముప్పై నిండబోతున్న మనిషి రెండేళ్లు వరసగా బెంచీ మీద కూర్చుంటే, మూడో ఏడు పిలిచేవాడెవడు? ఈ సీజన్లో కోర్టులోకి దిగకపోతే నా ఆట అయిపోయినట్టే. అది ఆయనకీ తెలుసు. తెలిసే అలా నవ్వాడు. నేను ఇంటికొచ్చి బకెట్టుని ఒక్క తన్ను తన్నాను. కుడికాలితోనే. ఏమాత్రం నొప్పెట్టలేదు, అందుకింకా ఏడుపొచ్చింది.

మా అమ్మ అన్నమ్మకి జరిగింది చెప్పి, ఎవరితోనూ అనొద్దన్నాను. ఏం చేయాలో ఆలోచించుకోవడానికి నాకు కాస్త వ్యవధి కావాలి. అమ్మ ముఖం వాడిపోయింది.

"మరి సంగానికి ఏటి సెప్పీది?"

"ఏటీ సెప్పకు. నోరు మూసుకుని కూకో."

ఆ మాట అనడం తేలికే. మా బాప్టిస్టు సంఘంలో పద్ధతి తెలిసినవాళ్లెవరూ అనరు. ఎవరికైనా జబ్బు చేస్తే ఆ పేరు చెప్పి సంఘమంతా ప్రార్థన చేస్తుంది. నా మోకాలి కోసం ఆడవాళ్లు ప్రతి శుక్రవారం ఉపవాసం ఉన్నారు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే మా పిన్ని ఇక్కడికి రాలేక అక్కడి సంఘంలోనూ నా పేరు చెప్పించింది. అంతమంది అడిగాక, అడిగింది దొరికాక, లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. చెప్పకుండా దాచుకుంటే దేవుడి దగ్గర కొట్టేసినట్టు. మా అమ్మకి కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయినా నిద్రపడుతుంది గానీ, ఇలాంటిది దాచుకుంటే పట్టదు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు ఎజ్రా గారు, "సాక్ష్యాలున్నవాళ్లు లేవండి" అన్నారు. నా పక్క నుంచి అమ్మ లేచింది. కొంగు పట్టి లాగాను. విడిపించుకుంది.

"నా బేబీ మోకాలు బాగయినాది. ఆడుకోమని డాక్టరు సెప్పినాడు. ఎవులితో అనొద్దని నా కూతురు నా నోరు కట్టీసినాది. మీరందరూ ఏడాది నుంచి కడుపు మాడ్సుకుని అడిగినారు. ఆయన ఇచ్చినాక దాచుకోడానికి నానెవుల్ని?"

హల్లెలూయ అని చర్చి దద్దరిల్లింది. ఎజ్రా గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఏటి బేబీ, నిజవేనా?"

అందరూ నా వైపు తిరిగారు. ముందు వరసలో స్టాండు మీద ఫోనుంది. మా ఆరాధన ప్రతివారం యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుంది, వంద ఊళ్లలో చూస్తారు. 'ఇంకా నొప్పిగానే ఉందండీ' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది, అమ్మ ఆనందంలో ఏదో అనేసిందని సర్దుకునేవారు. అమ్మ నా వైపు చూడటం లేదు. కానుక కవరు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

నాకు గణపతిరావు గారు తలుపు దగ్గరగా వేయడం గుర్తొచ్చింది. చిర్రెత్తుకొచ్చింది. చెప్పులు ఎలాగూ బయటే వదిలాను. నడిమి దారిలోకి వచ్చి చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకున్నాను. క్రిస్మస్‌కి కట్టిన కాగితం నక్షత్రం ఇంకా దూలానికి వేలాడుతోంది, ఎవరికీ నిచ్చెన తెచ్చే ఓపిక లేక. రెండడుగులు పరిగెత్తి ఎగిరాను. నక్షత్రం తాడుతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది. పిల్లలు ఈలలు వేశారు. ఎజ్రా గారు ఆమెన్ చెప్పడం మర్చిపోయారు.

సాయంత్రానికి ఆ వీడియో లీగ్‌లో చూడనివాళ్లు లేరు. మిగతా జట్లన్నీ ఒక్కటై ఫిర్యాదు చేశాయి. మోకాలు బాగైన రోజు నుంచీ నా జీతం లెక్కలోకి రావాలి, అంటే వంశధార అప్పట్నుంచీ గీత దాటే ఆడుతోంది, ఆ గెలుపుల పాయింట్లు కొట్టేయండి అని వాళ్ల గోల. సంజాయిషీ చెప్పమని లీగ్ కమిటీ గణపతిరావు గారిని అడిగింది. ఆయన తిన్నగా మా ఇంటికొచ్చాడు.

ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, "అన్నమ్మా, సాక్ష్యం బాగానే సెప్పినావు. నా కొంప ముంచినావు" అన్నాడు. అమ్మ టీ పెట్టి తెచ్చింది.

ఆయన ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. "బేబీ, నీకు నొప్పి ఇంకా ఉన్నాదని ఇందులో రాయించినాను. ఆ రోజు ఆవేశంలో గెంతీసినావు, మీ అమ్మ తెలీక అనీసినాది. సంతకం పెట్టీ. నీ సగం జీతం నీకొస్తాది, నా పాయింట్లు నాకుంటాయి, ఎవులికీ నష్టం నేదు."

అమ్మ నా భుజం పట్టుకుంది. "పెట్టీ తల్లీ. నాను అబద్ధమాడినాననుకుంటే అనుకోనీ. నీకు జీతం ఆగిపోతే ఎలగ బతుకుతావు?"

ఆ మాట నన్ను కోసేసింది. సంఘం ముందు తప్పుడు సాక్ష్యం చెప్పిందన్న పేరుతో మా అమ్మ మళ్లీ ఆ గుమ్మం ఎలా తొక్కుతుంది? నాకోసం ఆ అవమానం కూడా మింగడానికి సిద్ధపడింది పిచ్చిది.

"సార్, ఏడాది ఏడ్సి బాగు సేసుకున్న మోకాలిది. బాగోనేదని నా సేత్తో నాను రాయను."

"ఐతే నిన్ను తీసేసి కుమారిని ఉంచుకుంటాను."

"తీసెయ్యండి."

"పొగరు తగ్గించుకో. అన్ని జట్లూ గీత కాడే ఉన్నాయి. నీకు సోటు ఎవులిస్తారే?"

"అది నా తలనొప్పి. మీ టీ సల్లారిపోతంది, తాగండి."

తాగలేదు. కారు తలుపు ధడేల్మని వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక అమ్మా నేనూ మంచం మీద కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను జట్టులోంచి తీసేశారు. కమిటీ కూడా ఊరుకోలేదు, వంశధార పాయింట్లు కోసేసింది. తిన్నగా ఫైనల్‌కి పోవలసిన జట్టు కిందికి జారి, ఆఖరి మ్యాచ్ వరకూ అన్నీ గెలిస్తేనే ఫైనల్ అన్నచోట నిలబడింది. నేను పేరున్న ప్రతి జట్టుకీ ఫోన్ చేశాను. ఆయన అన్నది నిజమే, ఎవరి దగ్గరా చోటు లేదు. ఫిర్యాదు చేయడానికి నా వీడియో కావలసి వచ్చింది గానీ నేనెవరికీ అక్కర్లేదు. దొంగ సచ్చినోళ్లని తిట్టుకుంటూ ఫోన్ పక్కన పడేశాను. అప్పుడు మోగింది.

"ఒలే పొడుగుదానా, చీపురుపల్లి నుంచి సుభద్రమ్మని." ఆవిడ ఆ జట్టు కోచ్. పాత క్రీడాకారిణి, పెద్ద నోరు. ఆ జట్టు లీగ్‌లో అట్టడుగున ఉంది. "గీతకీ మాకూ బోలెడు దూరం. డబ్బులుంటే కదేటి గీత కాడికి పోడానికి! బండి సార్జీ ఇస్తాం, మద్దేనం అన్నం పెడతాం. వస్తావేటి?"

"ప్రాక్టీసు ఎన్నింటికండీ?" అన్నాను.

ఆమదాలవలసలో రైలెక్కి రోజూ వెళ్లాను. ఆ పిల్లలకి ఆట బాగానే వచ్చు, గెలవగలమన్న నమ్మకమే లేదు. తిట్టాను, నవ్వించాను, నెట్టాను. రెండు మ్యాచ్‌లు ఓడి ఒకటి గెలిచాం. ఆ ఒక్కటి గెలిచిన రోజు చీపురుపల్లి స్టేషన్లో అందరం జిలేబీ తిన్నాం.

ఆఖరి మ్యాచ్ మాకు వంశధారతోనే పడింది, అదీ శ్రీకాకుళంలో. గ్యాలరీలో ఒకవైపు గణపతిరావు గారు, మరోవైపు మా సంఘం ఆడవాళ్ల మధ్య అమ్మ. ఆట మొదలవకముందు కుమారి నా దగ్గరికి వచ్చింది. ఆటలో నన్ను అడ్డుకోవాల్సింది తనే.

"అక్కా, నీ సోటు నాను తీసుకున్నానని కోపవేటి? నీ కాలి జోలికి మాత్రం రాన్లే."

"కోపం నీ మీద కాదే. కాలి జోలికి రా. రాకపోతే ఊరుకోను."

వచ్చింది. మాటంటే మాటే. నీడలా అంటిపెట్టుకుని ఊపిరాడనివ్వలేదు. నేనూ వదల్లేదు. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మేం ఒక్క పాయింటు వెనక ఉన్నాం. బంతి నా చేతికొచ్చింది. లోపలికి దూసుకుపోయి ఎగిరాను. కుమారీ ఎగిరింది. గాలిలోనే ఇద్దరం గుద్దుకున్నాం. కుడి మోకాలి మీదే పడ్డాను.

పడిన చోటే ఉండిపోయాను. భయమేసింది, అబద్ధమెందుకు? కాలు కదిపి చూడాలంటేనే భయమేసింది. కుమారి నా పక్కన కూర్చుని "అక్కా, అక్కా" అని ఏడుస్తోంది. సుభద్రమ్మగారు పరిగెత్తుకొచ్చి, "సాల్లే తల్లీ, దిగిపో. ఇంకోర్ని దింపుతాను" అంది. గ్యాలరీలోంచి గణపతిరావు గారు రిఫరీని కేకేశాడు. "ఆ కాలు పోనాది, ముందు బయటికి పంపీండి!"

ఆ కేక వినగానే భయం ఎటుపోయిందో తెలియదు. మోకాలు వంచాను. వంగింది. చాచాను. చర్మం గీరుకుపోయి రక్తం కారుతోంది, అంతే. కుమారి భుజం పట్టుకుని లేచాను.

తప్పు కుమారిదని రిఫరీ నాకు ఎవరూ అడ్డు రాకూడని రెండు ఫ్రీ త్రోలిచ్చాడు. గాయానికి కట్టు కట్టాక దగ్గరికొచ్చి, "కాలెలా ఉందమ్మా?" అని అడిగాడు.

గ్యాలరీలో పైన కూర్చున్నవాళ్లకి కూడా వినబడేలా చెప్పాను. "బాగున్నాది. బంతియ్యండి."

మొదటిది పడింది. సమానమయ్యాం. రెండోది వేసేముందు గణపతిరావు గారి వైపు చూశాను. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. చూస్తే చూడనీ అని రెండు మోకాళ్లూ బాగా వంచి వేశాను. బంతి రింగ్‌కి తగలకుండా వలలోంచి జారింది. ఒక్క పాయింటు ముందుకొచ్చాం. చీపురుపల్లి పిల్లలు నా మీద పడి ఏడుస్తూ నవ్వుతున్నారు.

"ఒలే, ఏటా మురిపెం! ఆట ఇంకా అవనేదు, ఎనక్కి లగెత్తండి!" అని సుభద్రమ్మగారు అరిచింది.

బంతి అప్పటికే కుమారి చేతిలో ఉంది. ఆ పిల్ల దూసుకొస్తోంది. నేను పరిగెత్తాను.