ఒక్క రింగు

జేబులో ఫోను ఒక్క రింగు మోగి ఆగిపోయింది. వైసన్ చికోపా తీసి చూడలేదు. పొద్దున్నే ఒక్క రింగిచ్చి పెట్టేసేవాడు తమ్ముడు డైసన్ తప్ప ఇంకెవరూ లేరు. మినీబస్సు దిగేలోగా ఇంకోసారి మోగి ఆగింది.

"ఓహో, ఇవాళ రెండా! లేచి కూర్చున్నాడన్నమాట," అనుకుని కాలేజీ గేటు వైపు నడిచాడు.

జోంబా కొండ మీంచి దిగే చిపెరోని అనే చలి ముసురు గొడుగును లెక్కచేసే రకం కాదు. కంప్యూటర్ గది చేరేసరికి ప్యాంటు మోకాళ్లదాకా తడిసి కాళ్లకంటుకుంది. యాభై దాటిన మనిషి, బక్కపలచటి మెడ, ఒక పక్క టేపు చుట్టిన కళ్లద్దాలు. అద్దాలు తుడుచుకుని కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడే ఒళ్లంతా సాయంత్రమైనంత బరువుగా ఉంది.

లేనివాడు మిస్డ్ కాల్ కొట్టాలి, జీతం ఉన్నవాడు తిరిగి చెయ్యాలి. ఈ దేశంలో న్యాయం అదే. కానీ అమ్మ పోయినప్పటి నుంచి వైసన్ తిరిగి చెయ్యడం మానేశాడు. ఆ రోజు కాలేజీ పనిలో ఇరుక్కుని, ఆమెను మట్టి చేశాక ఊరు చేరాడు. పదిమందిలో డైసన్ ఏమన్నాడు? "పట్నం పెద్దమనిషి వేంచేశాడు, కుర్చీ వెయ్యండి!" ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంది. అన్నవాడు మాత్రం మర్నాటి నుంచీ రోజూ రింగిస్తూనే ఉన్నాడు. మొన్న ఆదివారం సంతలో, తమ్ముడుండే సరస్సు ఒడ్డు ఊరు న్ఖోటకోట నుంచి వచ్చిన చేపలవాడు చెప్పాడు, డైసన్ విడవకుండా దగ్గుతున్నాడని, వేటకు పడవెక్కడం మానేశాడని. ఎంతైనా తోడబుట్టినవాడు. ఇవాళ ఎలాగైనా మాట్లాడాలి.

ముందు పని. కొత్త పిల్లల పేర్ల నమోదు ఆ రోజే. కాలేజీలో అందరి పేర్లూ పాస్‌వర్డులూ డైరెక్టరీ సర్వర్‌లో ఉంటాయి. ల్యాబులో ఎవరైనా పేరు కొట్టగానే, వైసన్ సి భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం ఆ సర్వర్‌కు కనెక్షన్ తెరిచి, ఈ మనిషి మనవాడేనా అని అడుగుతుంది. పాత సర్వర్ చచ్చి కొత్తది వచ్చింది. దాంతోపాటు కనెక్షన్ తెరిచే పాత ఫంక్షన్ తీసేసి కొత్తది పెట్టాడు. నడిపి చూశాడు. "కనెక్షన్ తెరుచుకుంది" అని తెరమీద పడింది.

హమ్మయ్య అనుకుని, తమ్ముడికి చేద్దామని ఫోను తీసి బల్లమీద పెట్టాడో లేదో, రిజిస్ట్రార్ తలుపు తోసుకుని వచ్చింది.

"ఏమయ్యా చికోపా, ఒక్కరి పాస్‌వర్డూ పనిచెయ్యదేం? పిల్లలు వానలో కోళ్లలా నిలబడ్డారు!"

"కనెక్షన్ బాగానే ఉందమ్మా. పాస్‌వర్డులే తప్పు కొడుతున్నారేమో."

"అంతమందీనా?"

ఇక మొదలైంది అవస్థ. ఒక్కొక్కరి పాస్‌వర్డూ కాగితంతో సరిచూశాడు, మళ్లీ కొట్టించాడు, ప్రోగ్రాం మళ్లీ తప్పన్నది. మధ్యాహ్నం మొక్కజొన్న ముద్ద, ఎన్‌సిమా తినే వేళ దాటిపోయింది. తోటి ఉద్యోగి తమందాని తన డబ్బాలోంచి రెండు వేపుడు చేపలు అతని ముందు పెట్టి, తెరలోకి తొంగి చూసింది.

"తెరుచుకుంది తెరుచుకుంది అంటోంది సరే, అవతల నుంచి ఎవరైనా పలికారా బాబాయ్?"

వైసన్ చేయి ఆగింది. అయ్యో దేవుడా! పాత ఫంక్షన్ నేరుగా వెళ్లి అవతలి తలుపు కొట్టి వచ్చేది. కొత్తది అలా కాదు. చిరునామా అడిగి, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడుతుంది. మొదటి ప్రశ్న పడేదాకా గడప దాటదు. అతనికి తెలియని సంగతేమీ కాదు. అలసిన బుర్రకు తట్టలేదు, అంతే. వెళ్లి చూస్తే, పొద్దున కరెంటు పోయి వచ్చాక కొత్త యంత్రం లేచింది గాని, అందులో నడవాల్సిన డైరెక్టరీ మాత్రం లేవనే లేదు. దాన్ని లేపాడు. తెరిచిన వెంటనే ఒక ప్రశ్న అడిగి, జవాబు వస్తేనే నమ్మమని ప్రోగ్రాంలో రాశాడు. ల్యాబులోంచి పిల్లల కేరింత వినిపించింది.

"ఇంక తమ్ముడికి చేస్తాను," అన్నాడు తమందానితో, సిగ్గుపడుతున్నట్టు. అంతలో ఫోనే మోగింది. ఏదో తెలియని నంబరు. ఒక్క రింగుతో ఆగలేదు, మోగుతూనే ఉంది. ఎత్తాడు.

"బావగారూ, నేను ఎనెలెసిని." డైసన్ భార్య. "పక్కింటివాళ్ల ఫోను ఇది. పొద్దున ఆయన ఫోనుతో రెండుసార్లు కొట్టాను, మీరు చెయ్యలేదు."

"నువ్వా కొట్టింది? వాడు కదా..."

"ఆయన ఫోను పట్టుకోలేక వారమైంది. రోజూ నేనే కొడుతున్నా. 'అన్నయ్యకు కొట్టవే, ఇవాళ చేస్తాడు' అనేవారు. పొద్దున కూడా అదే అన్నారు."

"ఇప్పుడెలా ఉన్నాడమ్మా?"



"మధ్యాహ్నం పోయారు బావగారూ. రేపు పొద్దున్నే మట్టి. మీరు వచ్చేదాకా ఆగమని పెద్దలకు చెప్పాను. ఈసారైనా వేళకు రండి."

వైసన్ తల ఊపాడు, అవతలివాళ్లకు కనిపిస్తుందన్నట్టు. ఏడుపు రాలేదు. ఫోను జేబులో వేసుకుని, తడి ఆరని ప్యాంటుతోనే వానలోకి నడిచాడు. న్ఖోటకోట బస్సు అందుతుందో లేదో ఎవరికీ తెలియదు.

సాయంత్రం గది తాళం వెయ్యబోతూ తమందాని అతని తెర ఆర్పింది. కీబోర్డు పక్కన, తమ్ముడికి చెయ్యాలని అతను పొద్దున గేటు దగ్గర కొన్న టాక్‌టైమ్ రీచార్జ్ కార్డు పడి ఉంది. దాని నంబరును కప్పిన వెండిపూత మీద గోటి గీత కూడా లేదు.