తలుపు బలం

తలుపు కిందికి దిగేది, నేలకి తగిలేది, వెంటనే మళ్లీ పైకి పోయేది. కారు షెడ్డుకి ఆ ఆటోమేటిక్ తలుపు పెట్టించినప్పటి నుంచి రోజూ పొద్దున్న ఇదే వరస. అరకు చూడవచ్చే టూరిస్టులని తిప్పే సైలస్ కారులో కూర్చుని రిమోట్ నొక్కేవాడు. అతని భార్య సుజానా పొయ్యి మీద పప్పు వదిలేసి పరిగెత్తుకొచ్చి తలుపుని రెండు చేతులా అదిమి పట్టేది. ఆమె హైస్కూల్లో సైన్సు టీచరని ఆ ఇంట్లో జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే సైలస్ స్టూలెక్కి, పైనున్న మోటారు పెట్టెకి ఉన్న రెండు మరల్లో బలం పెంచేదాన్ని చివరంటా తిప్పేశాడు. తలుపు దభీమని మూసుకుని అలాగే ఉండిపోయింది.

“మధ్యలో ఎవరైనా అడ్డొస్తే ఆగుతుందాండీ?” అంది సుజానా.

“బళ్లో పాఠాలు సెప్పుకో. మిషన్ల గోల నీకెందుకు?”

గీజరు దగ్గరా అదే మాట, ఇల్లు కట్టేటప్పుడు వంటింటి కిటికీ ఎటుండాలో చెప్పినప్పుడూ అదే మాట. ఎనిమిదేళ్లుగా మింగుతూ వచ్చింది. ఆరోజూ మింగింది.

సోమవారం పొద్దున్న మంచు విడలేదు. టైడా స్టేషన్లో దిగే టూరిస్టుల కోసం సైలస్ కారు బయటికి తీసి, వెనక్కి చూడకుండానే రిమోట్ నొక్కాడు. మర్చిపోయిన నీళ్లసీసా కోసం షెడ్డులోకి వెళ్లిన వాళ్ల ఆరేళ్ల కూతురు ఏంజెలిన్ అప్పుడే వంగి బయటికొస్తోంది. తలుపు పిల్ల వీపు మీది పుస్తకాల సంచి మీద పడింది. ఆగలేదు. పిల్ల బోర్లా పడింది. వాకిట్లో ఉన్న సుజానా ఒక్క గెంతున వెళ్లి రెండు చేతులూ పట్టి లాగింది. పట్టీల్లోంచి జారి పిల్ల బయటికొచ్చింది గానీ సంచి కిందే ఉండిపోయింది. లోపల స్టీలు క్యారేజీ నలిగిన చప్పుడు అందరికీ వినపడింది.

“పిల్లని సూసుకోలేవేటే?” అని అరిచాడు సైలస్. ఏంజెలిన్ తల ఒకసారి తడిమి, రైలు టైమైందని వెళ్లిపోయాడు.

సుజానా బడికి ఫోన్ చేసి పొద్దుటి పూటకి సెలవు పెట్టింది. తలుపుతో వచ్చిన పుస్తకం ఇంకా కవరు కూడా విప్పకుండా అలమారలో ఉంది. చదివితే అరగంటలో విషయం తేలిపోయింది. తప్పు బలంలో లేదు. తలుపు దిగాల్సిన దానికంటే కొంచెం కిందికి దిగుతోంది. నేలనే అడ్డమనుకుని వెనక్కి పోతోంది. ఆమె స్టూలెక్కింది.

“ఏటి సేత్తన్నావు? దిగు. ఆడొచ్చాక సేత్తాడు,” అంది అత్తగారు తెరిసమ్మ, మనవరాలిని ఒళ్లో పొదువుకుని.

“మళ్లీ జరిగేదాకా ఆగమంటారా అత్తయ్యా?”

తెరిసమ్మ పిల్లని ఒళ్లోంచి దింపింది. లేచొచ్చి స్టూలు పట్టుకుంది.

సుజానా బలం తగ్గించింది, రెండో మర తిప్పి దిగే దూరం కాస్త కుదించింది. కింద చెక్క పెట్టి గోడ మీది మీట నొక్కింది. తలుపు చెక్కని తాకి పైకి వెళ్లిపోయింది. చెక్క తీస్తే మెత్తగా మూసుకుని కదలకుండా నిలిచింది. నాలుగుసార్లు చేసి చూసింది.

టూరిస్టులని హోటల్లో దింపి పదకొండింటికి సైలస్ వచ్చాడు. చెక్క, స్టూలు చూడగానే మొహం ఎర్రబడింది. “నిన్నెవరు ముట్టుకోమన్నారు? నలుగురి ముందు మళ్లీ పైకి లేసిపోతే నా పరువేటవుతాది?” అంటూ స్క్రూడ్రైవరు తీసుకుని స్టూలెక్కాడు.

సుజానా చెయ్యి పట్టుకోలేదు, బతిమాలలేదు.

“తిప్పండి. తిప్పాక దాని కింద మీరు పడుకోండి. నేను నొక్కుతాను.”

సైలస్ చెయ్యి మర దగ్గరే ఆగింది. తల్లి వైపు చూశాడు. తెరిసమ్మ తల తిప్పుకుంది. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని కిందికి దిగాడు.

“అన్నం పెట్టు,” అన్నాడు, ఎటో చూస్తూ.

“వంటింట్లో ఉంది, వడ్డించుకోండి. నాకు మధ్యాహ్నం క్లాసుంది,” అని సుజానా చెప్పులేసుకుంది.