రాలిపడ్డ పాటలు

పొద్దున్నే చీపురు పట్టుకుని స్పీకర్ల వెనక్కి దూరనిదే ఆ ఇంటి కోడలికి తెల్లవారదు. ముందురోజు పాటలు విన్నప్పుడు తీగల అతుకుల దగ్గర జారిపోయిన శబ్దమంతా అక్కడే నేలమీద రాలి ఉంటుంది. వయొలిన్‌ది పీచులా, డ్రమ్ముది మిరియపు గింజల్లా, పాడినవాళ్ళ గొంతు మెత్తటి పిండిలా. పాటలు వినే ప్రతి ఇంట్లోనూ ఉండే చెత్తే అది. పై అంతస్తువాళ్ళు వైఫై మీద వింటారు కాబట్టి వాళ్ళది మెట్లమీద కూడా రాలుతుంది. దాన్నెవరు ఊడవాలన్నది ఇంతవరకూ తేలని తగువు.

ఊడవడానికి ఆవిడకేం బద్ధకం లేదు. కానీ ఎంతని ఊడుస్తుంది? మొన్నటికి మొన్న మొగుడి మేజోట్లో ఇరుక్కున్న డ్రమ్ము గింజ ఒకటి ఆఫీసు మీటింగులో ఢాం అని మోగింది. మేనేజరు ఉలిక్కిపడి నీళ్ళగ్లాసు ఒలకబోసుకున్నాడట. ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చి, "సరిగ్గా ఊడిస్తే ఏం పోయింది?" అని పెళ్ళాం మీద ఎగిరాడు.

"మీరు సరిగ్గా బిగిస్తే నేనెందుకు ఊడుస్తాను?" అందావిడ. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మర్నాడే ఇంకో కేబులు పార్సెల్లో దిగింది.

ఈ కేబుళ్ళ పిచ్చి అతనికి మొదటినుంచీ లేదు. తల్లికి చెవులు మొద్దుబారాక పట్టుకుంది. ఒకప్పుడు రోజంతా పాటలు వింటూ కూనిరాగం తీసిన మనిషి ఆవిడ. చెవిలో పెట్టుకునే మిషను తెచ్చిస్తే, ఈలలు వేస్తోందని తీసి సొరుగులో పడేసింది. మాటామంతీ తగ్గించేసింది. అది చూడలేక కొడుకు, లోపం అమ్మ చెవుల్లో లేదు, శబ్దంలో ఉందని తేల్చేశాడు. మచ్చలేని శబ్దమైతే ఎందుకు వినపడదన్నది అతని వాదం. వైఫై తీసేసి గోడవెంట నెట్ వైరు లాగాడు. అంకెల్ని పాటగా మార్చే చిన్న డబ్బా ఒకటి కొన్నాడు. కరెంటు తీగ పాట తీగని తాకితే గుర్రుమంటుందని రెంటినీ ఎడంగా కట్టాడు. ఆ మధ్యలోంచి ఎవరు నడవబోయినా గావుకేకలు పెట్టేవాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదేనండీ," అనేది కోడలు. పోస్టాఫీసు కౌంటర్లో అద్దం అవతలివాళ్ళకి పగలంతా అరిచి, ఇంటికొచ్చాక అత్తగారికి అరిచి, ఆవిడ గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. మందులేసుకున్నారా అని అడగడానికి మూడిళ్ళకి వినపడేలా అరవాలి. అరిస్తే అత్తగారికి మాట వినపడదు, మొహంలో చిరాకు మాత్రం కనపడుతుంది.

పైగా ఈ చీపురు గొడవొకటి. స్పీకర్ల వెనక్కి ఆవిడ దూరడం ఆలస్యం, అత్తగారు కుర్చీలోంచి లేచొచ్చేది.

"ఆ మూల నేను ఊడ్చుకుంటాలే అమ్మాయ్. నువ్వెళ్ళు."

తన ఊడుపు నచ్చక వంకలు పెడుతోందనుకుని కోడలు ఇంకాస్త గట్టిగా ఊడ్చి, చెత్తబుట్టలో దులిపేసేది. అత్తగారు ఆ బుట్టకేసి చూసి, వెళ్ళి కుర్చీలో కూర్చునేది.

ఈసారి వచ్చిన కేబులు బొటనవేలంత లావుంది. ఆదివారమంతా నేలమీద పొర్లాడి ప్రతి అతుకూ బిగించాడు. సాయంత్రం పాట పెడితే, పాడుతున్నామె ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. వెనక నేలమీద ఒక్క నలుసు రాలలేదు. అన్నాళ్ళూ సణిగిన కోడలే నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

అతను తల్లిని చెయ్యిపట్టుకొచ్చి స్పీకర్ల ఎదురుగా కూర్చోబెట్టాడు. "ఇప్పుడు వినపడుతోందా అమ్మా?"

ఆవిడ కొడుకు పెదాల కదలికని బట్టి అడిగిందేమిటో పోల్చుకుంది. "లేదురా," అంది.

ఆ వారం ఆవిడ సరిగ్గా తినలేదు. తుడవాల్సిన అవసరమే లేని ఆ మూలకి వెళ్ళి, నేలంతా చేత్తో తడిమి వచ్చేది. చివరికి ఒకరోజు బట్టలు సర్దుకుంది. "మీ అక్క దగ్గరికి వెళ్ళిపోతానురా. ఎక్కడైతే ఏముంది నాకు, అంతా ఒకటే," అంది. కూతురింట్లో అందరూ పొద్దున్నే పోయి పొద్దుగూకాక వస్తారు. అక్కడ ఆవిడ పలకరింపు లేక గోడలు చూస్తూ కూర్చోవాలి. ఆ సంగతి అందరికీ తెలుసు. కొడుకు వద్దనలేక, పంపలేక, వెళ్ళి కేబులు ఇంకో చుట్టు బిగించాడు. కోడలికి ఒళ్ళు మండిపోయింది.

ప్రయాణానికని అత్తగారి స్వెటరు ఉతకబోతూ జేబు తిరగేసింది. చిటికెడు పిండీ రెండు పీచులూ అరచేతిలో పడ్డాయి. అలవాటుగా చెత్తబుట్టకేసి నడుస్తూ ఆగి, చెవి దగ్గర పెట్టుకుంది. పాత పాటలో ఒక చరణం ముక్క, చెవిలో ఎవరో చెప్పినంత దగ్గరగా వినిపించింది. ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే ఆ ముసలావిడ పాటల్ని తనే చెత్తలో పోసింది.

అత్తగారి ముందుకెళ్ళి చెయ్యి చాపింది. దొంగతనంలో దొరికిపోయినట్టు ఆవిడ తలదించుకుంది.

"వాడు నాకోసం అంత పాకులాడుతుంటే, తీగల్లోంచి కారిపోయింది చెవిలో వేసుకుంటేనే నాకు వినపడుతుందని ఎలా చెప్పను అమ్మాయ్?"

కోడలు వెళ్ళి లావు కేబులు పీకేసింది. అటక మీంచి తుప్పుపట్టిన పాతది తీసి సగం మాత్రం గుచ్చింది. పాట గరగరలాడింది, గుర్రుమంది. పక్కగదిలోంచి మొగుడు పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు లూజు చేశారు?"

"నేనే. అరవకండి. అటు చూడండి."

తల్లి నేలమీద చతికిలబడి ఉంది. రాలింది రాలినట్టే చిటికెలతో ఎత్తి చెవిలో వేసుకుంటూ, కళ్ళు మూసుకుని, పాటతో కలిసి కూనిరాగం తీస్తోంది. ఎక్కడా తప్పడం లేదు. అతను మోకాళ్ళమీద కూర్చుని రెండో అతుకు కూడా వదులు చేశాడు.

మర్నాడు షాపుకెళ్ళి ఒక మైకు కొన్నాడు. "దీనికి మీ దగ్గరున్న వాటిలోకెల్లా నాసిరకం వైరు ఇవ్వండి. బాగా కారాలి," అన్నాడు. అన్నాళ్ళూ ఖరీదైనవి అమ్మిన షాపాయన మొహం చూడాలి.

మైకు వంటగదిలో పెట్టి, తీగని అమ్మ కుర్చీ పక్కనుంచి లాగాడు. కోడలు పాత అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి, "అత్తయ్యా, కాఫీ పెట్టనా?" అని గొంతు చించుకుంది. కుర్చీ పక్కన అతుకు దగ్గర గుప్పెడు పిండి బొలబొలా రాలింది. అత్తగారు వంగి చిటికెడు తీసి చెవిలో వేసుకుని, మొహం చిట్లించింది.

"పెట్టమ్మా. అంత అరుపెందుకు? వినపడుతోందిగా."