నూట ఎనభై ఆరు

"మిషన్ తప్పు చూపుతోంది" అన్న చీటీ అంటించుకుని గర్భిణుల విభాగం నుంచి గుండెచప్పుడు పెట్టె ఆయన బల్ల మీదికి వచ్చింది. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పే పెట్టె అది. ఆయన అప్పటికే దాని వెనక మూత విప్పి, నాలుగు మరలనూ ఒక సీసా మూతలో వేసి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలను మోచేత్తో పైకి తోసుకుంటున్నాడు.

ఆస్పత్రిలో పరికరాలు బాగుచేసే ఈ బక్కపలచని మనిషిని అందరూ "ఎందుకు బాబాయ్" అంటారు. చెడినదాన్ని బాగుచేసి ఊరుకుంటే ఆయనకు ముద్ద దిగదు. ఎందుకు చెడిందో తేలాలి. ఈ ఆరా తీసే జబ్బు ముప్పై ఏళ్లనాటిది. పెద్ద డాక్టర్లు కూడా ఆయన ఎదురొస్తే పని గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగిపోతారు.

తీగలన్నీ లాగి చూశాడు. ఎక్కడా వదులు లేదు. నిమిషానికి సరిగ్గా నూట నలభై కొట్టే పరీక్ష పెట్టెను దానికి కలిపాడు. తెర మీద నూట నలభై. తీసి మళ్లీ కలిపాడు. నూట నలభయ్యే. మరి తప్పెవరిది?

ఇంకొకరైతే చీటీ వెనక "బాగానే ఉంది" అని రాసి పంపేసేవారు. ఆయన మరలు బిగించి, గుండెచప్పుడు పెట్టెను చంకన పెట్టుకుని బయలుదేరాడు.

"ఎవరి దగ్గర తప్పు చూపింది సిస్టర్?"

"ఎనిమిదో నెల అమ్మాయి బాబాయ్. నూట ఎనభై ఆరట! అంత ఎక్కడైనా ఉంటుందా? ఇక్కడ చూడు, ఊపిరి సలపడం లేదు నాకు. మధ్యాహ్నం రెండో పెట్టె ఖాళీ అయ్యాక రమ్మన్నాను."

"ఆ అమ్మాయికి ముందు చూసినవాళ్లకో?"

"వాళ్లందరికీ బాగానే..." సిస్టర్ మాట సగంలో ఆగిపోయింది.

"పెట్టె తప్పు కాదమ్మా. ఏదీ ఆ పిల్ల?"

వరండా చివర, నీళ్ల కొళాయి పక్కన మెట్టు మీద ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో మందపాటి స్వెటరు వేసుకుని, తల్లి భుజానికి ఆనుకుని కూర్చుంది. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగుతోంది.

"జ్వరమా తల్లీ?"

"పడిశమే బాబూ" అంది తల్లి తడబడుతూ.

పిల్ల తల దించుకుంది. "మూడు రోజులైంది. లోపల చెబితే మందులు మింగమంటారు. బిడ్డకి పడవు కదా. ఒళ్లు వేడి తెలియకూడదని ఇక్కడే మొహం, మెడా కడుక్కుని వెళ్లాను."

మందులు బిడ్డకి పడవు. ఆ మాట ఆయనకు కొత్త కాదు. ఒకప్పుడు తన నోటితోనే అన్నాడు.

"తప్పులు తర్వాత ఎంచుకుందాం అక్కా, ముందు అటు పట్టుకో" అంటూ ఇటు తాను పట్టి పిల్లను లోపలికి నడిపించాడు.

డాక్టరమ్మ పిల్ల ముక్కులోంచి పరీక్షకు నమూనా తీసింది. ఫలితం కోసం ఆగకుండా ఫ్లూ మందు మొదలుపెట్టింది, జ్వరం బిళ్ల వేసింది, మొహానికి ఆక్సిజన్ తగిలించింది. పెట్టె సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలన్న వంకతో ఆయన మంచం కాళ్ల దగ్గరే నిలబడ్డాడు. నూట ఎనభై రెండు.

"ఆ జ్వరం పురుగు బిడ్డదాకా పోతుందా డాక్టరమ్మా?"

"చాలా అరుదు బాబాయ్. మాయ దాటి పోవడం తక్కువ."

"మరి లోపల బిడ్డ ఎందుకు పరుగెడుతోంది?"

"తల్లి ఒళ్లు కాలిపోతుంటే బిడ్డ గుండె కూడా పరుగెడుతుంది. తల్లి ఊపిరే కదా దానికీ ఊపిరి! ఈ నెలల్లో కడుపు పైకి నెట్టి ఊపిరితిత్తులకి చోటుండదు. నీకూ నాకూ వారం పడిశంతో పోయేది ఈమెకి న్యుమోనియా అవుతుంది. నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. ఒక్కోసారి బిడ్డ దక్కదు. ముందే ఫ్లూ టీకా వేయించుకుని ఉంటే ఇంతదాకా రాకపోను. పుట్టాక బిడ్డకి కూడా కొన్ని నెలలు అదే రక్ష."

"మందు బిడ్డకి చెడు కాదా?"

"మందు మానేయడమే చెడు."

ఆయన తెర వంకే చూస్తూ అన్నాడు.

"మా ఆవిడకి ఏడో నెలలో ఇలాంటి జ్వరమే వచ్చింది. బిళ్లలు వద్దన్నాను, ఓర్చుకోమన్నాను. ఇక్కడికి తెచ్చేసరికి అయిదో రోజు. ముందు బిడ్డ పోయింది, తెల్లారి తను. ఆ బిళ్లలు వేసుంటే బతికేదా?"

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "ఆ బిళ్లలతోనే బతికేదని చెప్పలేను బాబాయ్. మొదటి రోజే తెచ్చి ఉంటే మాత్రం, ఏదో ఒక దారి ఉండేది."

ముప్పై ఏళ్లుగా ఇదే ప్రశ్న ఎంతమంది డాక్టర్లనో అడిగాడు గానీ, తన ఇంటి సంగతని ఎవరికీ చెప్పలేదు. జవాబు తెలిస్తే మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు, కళ్లు కూడా.

సాయంత్రం అయిదింటికి తెర మీద నూట యాభై నాలుగు. పిల్ల ఆయాసం ఇంకా పూర్తిగా తగ్గలేదు. రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలంది డాక్టరమ్మ.

"బాగానే ఉందా బాబాయ్ గారూ?" అంది పిల్ల మూతి మీది ఆక్సిజన్ తొడుగులోంచి.

"నీ బిడ్డ పరుగు మానింది తల్లీ. నడుస్తోంది."

పెట్టెను అక్కడే వదిలి ఇంటికి వెళ్లిపోయాడు. చొక్కా అయినా మార్చుకోకుండా, భార్య కుట్టుసామాను డబ్బా కిందికి దించి మూత తీశాడు. దారపు ఉండల అడుగున ఆనాటి బిళ్లల అట్ట ఉంది. వెండిరంగు కాగితం ముడతలు పడి నల్లబడింది గానీ ఎక్కడా చిరగలేదు. పదికి పది బిళ్లలూ అందులోనే ఉన్నాయి.